పాత టీవీకి కొత్త డిస్కు ప్లేయరు కలపడం ఎలా?



మన సంఘాల్లో ఏ ఇంటి బీరువా తెరిచినా బైబిలు, కీర్తనల పుస్తకం, పట్టాదారు పాసు పుస్తకం ఉన్న అరలోనే పాత గుడ్డలో చుట్టిన డిస్కులు నాలుగైదు కనబడతాయి. ఒకటి పెద్దమ్మాయి పెళ్లిది, ఒకటి అబ్బాయి బాప్తిస్మానిది, ఒకటి గుడి ప్రతిష్ఠది. మరొకటి తాతగారి సమాధి కార్యక్రమానిది. దాన్ని ఎవరూ వేసుకొని చూడరు గాని పారేయడానికి మాత్రం ఒప్పుకోరు. 2000 నుండి దాదాపు 2015 వరకు మన పల్లెల్లో ఏ శుభకార్యం జరిగినా వీడియో తీసినవాళ్లు చేతిలో పెట్టింది ఈ డిస్కునే. ఇప్పుడు ఆ డిస్కులు ఉన్నాయి, టీవీ ఉంది, మధ్యలో ఉండవలసిన ప్లేయరు పాడైపోయింది. దాని కన్ను, అంటే లెన్సు, మసకబారి డిస్కును చదవడం మానేసింది.

అప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేసే కొడుకో, కువైట్ నుండి సెలవు మీద వచ్చిన అల్లుడో ఒక కొత్త ప్లేయరు తెచ్చి ఇస్తాడు. దాని వెనక పాత ప్లేయరుకు ఉన్నట్టు పసుపు, తెలుపు, ఎరుపు రంధ్రాలు ఉండవు. పలకలాంటి సన్నని రంధ్రం ఒక్కటే ఉంటుంది. పాత టీవీకేమో ఆ రంధ్రం లేదు. ఊళ్లో ఎవరిని అడిగినా "ఇది దానికి పనికిరాదు, కొత్త టీవీ కొనండి" అంటారు. ఈ మాట నమ్మి వాయిదాల మీద టీవీ కొని, మిరప కోత డబ్బు నెలనెలా దానికే కడుతున్న కుటుంబాలు వైరా చుట్టుపక్కల నాకు తెలుసు. ఎవనికిని ఏమియు అచ్చియుండకూడదని పౌలు ఎందుకు హెచ్చరించాడో (రోమా 13:8) నెల మొదటి వారంలో ఆ ఇళ్లకు వెళ్తే అర్థమవుతుంది. నిజం చెప్పాలంటే పది టీవీల్లో తొమ్మిదింటికి కొత్త ప్లేయరును కలపవచ్చు. దానికయ్యే ఖర్చు వందల్లోనే ఉంటుంది గాని వేలల్లోకి పోదు. ఎలా కలపాలో నాకు తెలిసినంత మట్టుకు ఈ వ్యాసంలో వివరంగా రాస్తున్నాను.

కొంచెం వెనక్కి వెళ్దాం

మన దేశంలో టీవీని పల్లెకు తెచ్చిన మొదటి పెద్ద ప్రయత్నం 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు ఉపగ్రహం ద్వారా జరిగింది. అప్పుడు ఆరు రాష్ట్రాల్లోని 2400 గ్రామాల్లో సెట్లు పెట్టారు. ఆ రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరులో మొదలైంది. రంగుల ప్రసారం 1982లో వచ్చింది. హైదరాబాదులోనే 1967లో స్థాపించిన ఈసీఐఎల్ సంస్థ తయారుచేసిన 'ఈసీ టీవీ' అప్పట్లో చాలా ఇళ్లలో ఉండేది. ఆ సెట్లకు వెనక యాంటెన్నా రంధ్రం తప్ప మరేమీ ఉండేది కాదు. టీవీకి ఇంకో యంత్రాన్ని కలపాల్సిన పని పడుతుందని అప్పుడు ఎవరనుకున్నారు?

నా చిన్నప్పుడు టీవీని సాతాను పెట్టె అని ప్రసంగించిన దైవజనులు ఉన్నారు. ఆ మాటను నేను పూర్తిగా కొట్టిపారేయను. సాయంత్రం ప్రార్థన సమయాన్ని సీరియళ్లు మింగేసిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అయితే అదే పెట్టె మీద, అద్దె వీసీఆర్ పెట్టి, 1978లో వచ్చిన 'కరుణామయుడు' సినిమాను వాకిట్లో చాపలు పరిచి ఊరంతా చూసిన రాత్రులు కూడా ఉన్నాయి. విజయచందర్‌గారు ప్రభువు పాత్ర ధరించిన ఆ చిత్రం సిలువ దృశ్యానికి వచ్చేసరికి గుడి మెట్టు ఎక్కనివాళ్లు సైతం కళ్లు తుడుచుకునేవాళ్లు. ఆ వీసీఆర్ కాలం పోయింది. వీసీఆర్ తయారుచేస్తున్న చివరి కంపెనీ, జపానులోని ఫునాయ్, 2016లో వాటిని ఆపేసింది. డిస్కు ప్లేయర్లు కూడా ఏటేటా దుకాణాల్లో తగ్గిపోతున్నాయి. కనుక బీరువాలో డిస్కులు ఉన్నవాళ్లు ఈ పని వాయిదా వేయకండి.

ముందు టీవీ వెనకకు వెళ్లండి

ఏది కొనకముందే టీవీని గోడ నుండి కాస్త ముందుకు జరిపి, వెనక, పక్కన, ముందు ఏయే రంధ్రాలున్నాయో చూడండి. కొన్ని సెట్లకు ముందు వైపు చిన్న మూత కింద కూడా ఉంటాయి. చాలామంది ఆ మూతను ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా తీసి ఉండరు.

పసుపు రంగు రంధ్రం బొమ్మకు, తెలుపు, ఎరుపు శబ్దానికి. తెలుపు ఎడమ చెవి, ఎరుపు కుడి చెవి అనుకోండి. ఈ మూడూ ఉన్నా, పసుపు, తెలుపు రెండే ఉన్నా మీ పని సులువే. రెండే ఉంటే ఆ టీవీకి ఒకే స్పీకరు శబ్దం అని అర్థం. పసుపును పసుపులో, తెలుపును తెలుపులో పెట్టి ఎరుపును గాలికి వదిలేయండి, ఏమీ కాదు. రంధ్రాలు 'ఇన్', 'అవుట్' అని రెండు జతలుగా ఉంటే టీవీలో 'ఇన్'కు, ప్లేయరులో 'అవుట్'కు వైరు పెట్టాలి. ఇది చిన్న మాటే గాని సగం ఇళ్లలో టీవీ రాకపోవడానికి కారణం ఇదే.

తర్వాత ప్లేయరు వెనక చూడండి. కొత్తవాటిలో కూడా చాలావాటికి ఆ పలక రంధ్రం (దాన్ని హెచ్‌డీఎంఐ అంటారు) పక్కనే పాత పసుపు, తెలుపు, ఎరుపు రంధ్రాలు ఉంటాయి. అలా ఉంటే మూడు పిన్నుల మామూలు వైరు చాలు, ఇంకేమీ కొనవద్దు. కొన్ని చిన్న ప్లేయర్లకు మాత్రం సెల్‌ఫోను ఇయర్‌ఫోన్ రంధ్రంలాంటి ఒకే గుండ్రటి రంధ్రం ఉండి, దాని మీద 'ఏవీ అవుట్' అని ఉంటుంది. దానికి ఒక చివర ఒక పిన్ను, మరో చివర మూడు రంగుల పిన్నులు ఉండే వైరు ప్లేయరుతోపాటే పెట్టెలో వస్తుంది. అది పారేసుకుంటే బయట దొరికే వైరు ఒక్కోసారి సరిపడదు. ఒక్కో కంపెనీ ఆ పిన్ను మీది వలయాలను ఒక్కో వరుసలో వాడుతుంది గనుక టీవీ మీద బొమ్మకు బదులు గీతలు, స్పీకరులో బరబరమని మోత వస్తాయి. భయపడకండి. టీవీ దగ్గర పసుపు రంధ్రంలో ఎరుపు పిన్ను, తర్వాత తెలుపు పిన్ను పెట్టి చూడండి. ఏదో ఒకదానికి బొమ్మ వస్తుంది. ఇలా మార్చి చూడడం వల్ల ఏదీ కాలిపోదు.

వైరు పెట్టగానే బొమ్మ దానంతటది రాదు. టీవీ రిమోటులో 'ఏవీ' లేదా 'టీవీ/ఏవీ' అనే బటన్ నొక్కాలి. రిమోటు పోయినవాళ్లు టీవీ ముందున్న చానల్ బటన్‌ను ఒకటో నంబరు కన్నా కిందికి నొక్కుకుంటూ పోతే చాలా సెట్లలో ఏవీ వస్తుంది.

ఇక్కడ మన పల్లెల్లో ఇంకో చిక్కు ఉంది. పాత కేబులు పద్ధతి దశలవారీగా ఆగిపోయింది. గ్రామాల వంతు 2017 మార్చితో ముగిసింది. అప్పటి నుండి పాత టీవీ ఉన్న ప్రతి ఇంట్లో సెట్ టాప్ బాక్సు ఆ పసుపు, తెలుపు రంధ్రాలను ఆక్రమించుకొని కూర్చుంది. డిస్కు చూడాలంటే దాన్ని పీకి దీన్ని పెట్టడం, మళ్లీ దీన్ని పీకి దాన్ని పెట్టడం. ఇలా రోజూ పీకితే రంధ్రాలు వదులైపోతాయి. పక్కన రెండో జత ఉంటే ప్లేయరును దానికి పెట్టండి. లేకపోతే రెండు యంత్రాలను ఒకే రంధ్రానికి కలిపే 'ఏవీ స్విచ్' అనే చిన్న పెట్టె దొరుకుతుంది. దానికి కరెంటు కూడా అక్కరలేదు.

పలక రంధ్రం ఒక్కటే ఉన్న ప్లేయరు

అసలు ఇబ్బంది ఇక్కడ. హెచ్‌డీఎంఐ రంధ్రం నుండి వచ్చేది అంకెల రూపంలో ఉండే సంకేతం. పాత టీవీ పసుపు రంధ్రం కోరుకునేది అలల రూపంలో ఉండే సంకేతం. తెలుగు తప్ప రానివాడికీ, కోయ తప్ప రానివాడికీ మధ్య ఎంత మంచి తాడు కట్టినా మాట సాగదు కదా. దుబాసీ కావాలి. ఒక చివర హెచ్‌డీఎంఐ పిన్ను, మరో చివర పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులు ఉన్న వట్టి వైరును దుకాణాల్లో అమ్ముతారు. అందులో దుబాసీ ఎవరూ లేరు, రాగి తీగలు మాత్రమే ఉన్నాయి. దానితో ఈ పని జరగదు. దయచేసి కొనకండి.

కావలసింది 'హెచ్‌డీఎంఐ టూ ఏవీ కన్వర్టర్' అనే అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్ద పెట్టె. కొనేటప్పుడు దాని మీద రాసిన దిశ చూడండి. 'హెచ్‌డీఎంఐ' మాట ముందు, 'ఏవీ' మాట వెనక ఉండాలి. అచ్చం దానిలాగే ఉండి తిరగేసి పనిచేసే పెట్టె ఇంకొకటి ఉంది. అది పాత ప్లేయరును కొత్త టీవీకి కలపడానికి. దాని మీద 'ఏవీ' ముందుంటుంది. రెండూ ఒకే డబ్బాలో, ఒకే రంగులో అమ్ముతారు గనుక దుకాణదారు కూడా పొరబడతాడు.

ఈ పెట్టెకు 5 వోల్టుల కరెంటు కావాలి. దానితో వచ్చే చిన్న వైరును సెల్‌ఫోను చార్జరుకు పెడితే సరిపోతుంది. ప్లేయరుకు యూఎస్‌బీ రంధ్రం ఉంటే అక్కడి నుండీ తీసుకోవచ్చు. అయితే కొన్ని ప్లేయర్లు అంత కరెంటు ఇవ్వలేక బొమ్మ వచ్చి పోతూ ఉంటుంది. చార్జరే మేలు. పెట్టె పక్కన 'పాల్', 'ఎన్‌టీఎస్‌సీ' అని చిన్న మీట ఉంటుంది. దాన్ని పాల్ వైపు జరపండి.

ఏన్కూరు వైపు ఒక పల్లెలో మా సంఘ సహోదరి ఒకామె ఉన్నారు. ఆమె భర్త సంఘ పెద్దగా పనిచేసి 2011లో ప్రభువునందు నిద్రించాడు. అంతకు ముందు ఏడాది కోత పండుగలో ఆయన చెప్పిన సాక్ష్యం ఒక డిస్కులో ఉంది. ఆయన గొంతు ఈ లోకంలో మిగిలింది అందులోనే. పాత ప్లేయరు పోయాక మనవడు కొత్తది తెచ్చాడు. అది ఆ టీవీకి కలవలేదు. ఆమె దూడను అమ్మి టీవీ కొనడానికి బేరం కూడా కుదుర్చుకున్నారు.

"అయ్యగారూ, కొత్త టీవీలో అయినా ఆయన అట్లనే కనపడతాడా?" అని అడిగారు.

"దూడ జోలికి పోవద్దమ్మా, ముందు ఈ టీవీ వెనక ఏముందో చూద్దాం" అన్నాను.

వెనక పసుపు, తెలుపు రెండూ ఉన్నాయి. మనవడు అప్పటికే ఒక దుకాణంలో ఆ వట్టి వైరు కొని మోసపోయాడు. సరైన పెట్టె ఖమ్మం నుండి తెప్పించి పెట్టాం. మొదట బొమ్మ నలుపు తెలుపులో పైకి దొర్లుతూ వచ్చింది. పక్క మీట ఎన్‌టీఎస్‌సీ మీద ఉంది, దాన్ని పాల్‌కు జరపగానే రంగులు వచ్చి బొమ్మ నిలిచింది. శబ్దం మాత్రం లేదు. ఆ ప్లేయరు శబ్దాన్ని పెద్ద హోమ్ థియేటర్లకు పంపినట్టు కట్టగట్టి పంపుతోంది. దాన్ని విప్పడం ఈ చిన్న పెట్టెకు చేతకాదు. ప్లేయరు సెట్టింగుల్లో ఆడియో అనే చోట 'బిట్‌స్ట్రీమ్' తీసేసి 'పీసీఎం' పెట్టాం. అంతే, గొంతు వినబడింది. ఆ సాక్ష్యంలో ఒక చోట ఆయనకు దగ్గు వచ్చి, ఆగి, ఎవరో అందించిన మంచినీళ్లు తాగి మళ్లీ మొదలుపెడతాడు. ఆమె ఆ దగ్గు దగ్గరకు మూడుసార్లు వెనక్కి తిప్పించుకున్నారు. మేమంతా మాట్లాడకుండా కూర్చున్నాం. దూడ ఇప్పుడు పాడి గేదె.

యొర్దాను దాటినప్పుడు ఇశ్రాయేలీయులు పన్నెండు రాళ్లు ఎత్తి ఎందుకు నిలబెట్టారో యెహోషువ 4వ అధ్యాయంలో చదువుతాం. రేపు పిల్లలు వీటి సంగతేమిటని అడగాలి, పెద్దలు చెప్పాలి. ఆ డిస్కు చూస్తున్నప్పుడు మనవడు తాతను గురించి అడిగిన ప్రశ్నలు విన్నాక నాకు ఆ అధ్యాయమే గుర్తుకొచ్చింది.

బొమ్మ సరిగ్గా రానప్పుడు

కలపడం అయ్యాక వచ్చే చిక్కులు కొన్ని ఉన్నాయి. మెకానిక్కును పిలవకముందు వీటిని చూసుకోండి.

నలుపు తెలుపు బొమ్మ రావడం, దొర్లడం ఎక్కువగా పాల్, ఎన్‌టీఎస్‌సీ తగాదానే. మన దేశపు టీవీలు పాల్ పద్ధతివి, ఒక బొమ్మలో 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. అమెరికా పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, 525 గీతలు, సెకనుకు దాదాపు 30 బొమ్మలు. అమెరికాలో ఉన్న బంధువులు పంపిన పెళ్లి డిస్కు వేస్తే పాత సెట్లు తికమక పడేది ఇందుకే. ప్లేయరు రిమోటులో 'ఎన్/పీ' అనే బటన్ ఉంటే ఒకసారి నొక్కి ఆగండి. పిల్లలు ఆడుకుంటూ ఆ బటన్ నొక్కడం వల్ల నిన్నటిదాకా బాగా వచ్చిన బొమ్మ ఈ రోజు పాడవుతుంది. దాని పక్కనే 'వీ-మోడ్' లేదా 'పీ-స్కాన్' అనే బటన్ కూడా ఉంటుంది. అది నొక్కితే పసుపు రంధ్రంలోంచి బొమ్మ రావడమే ఆగిపోతుంది. ప్లేయరు చెడిపోయిందనుకుంటాం. మళ్లీ మళ్లీ నొక్కుతూ, నొక్కిన ప్రతిసారీ నాలుగైదు సెకన్లు ఆగి చూడాలి.

బొమ్మ నిలకడగానే ఉండి రంగులు మాత్రం లేకపోతే పసుపు పిన్నును పొరపాటున ఆకుపచ్చ రంధ్రంలో పెట్టారేమో చూడండి. ఆకుపచ్చ, నీలం, ఎరుపు కలిసి ఉండే జత వేరే పద్ధతిది.

ముఖాలు సన్నగా పొడుగ్గా, పెళ్లికూతురు పదిహేను రోజులు ఉపవాసం ఉన్నట్టు కనబడితే అది వెడల్పు టీవీ కొలత. ప్లేయరు సెట్టింగుల్లో టీవీ ఆకారం '16:9' తీసేసి '4:3 లెటర్‌బాక్స్' పెట్టండి. పైన, కింద నల్ల పట్టీలు వస్తాయి. మనుషులు మనుషుల్లా ఉంటారు.

పాటల డిస్కుల్లో 'సంగీతం వస్తోంది, పాట రావడం లేదు' అనే ఫిర్యాదు తరచుగా వింటాను. కొన్ని వీసీడీల్లో ఒక చెవికి వాయిద్యాలు మాత్రమే, రెండో చెవికి పాటతో కలిపి పెడతారు. ఒకే స్పీకరు ఉన్న టీవీకి తెలుపు పిన్ను మాత్రమే పెడతాం గనుక ఒక వైపే వినబడుతుంది. రిమోటులో 'ఆడియో' లేదా 'ఎల్/ఆర్' నొక్కండి, లేదా తెలుపు తీసి ఎరుపు పిన్ను పెట్టండి. యౌవనస్థుల కూటాల్లో వాయిద్యాలు వాయించేవాళ్లు లేనప్పుడు ఈ లోపమే వరమవుతుంది. సంగీతం వైపు పెట్టుకొని మీరే పాడండి.

తెర మీద 'రీజియన్' అనే మాట వచ్చి డిస్కు ఆగిపోతే అది కంపెనీ వేసిన తాళం. డీవీడీ సినిమాలకు ప్రపంచాన్ని ప్రాంతాలుగా విభజించారు. మన దేశం 5వ ప్రాంతం, అమెరికా 1, గల్ఫ్ దేశాలు 2. గల్ఫ్ నుండి తెచ్చిన ప్లేయరులో ఇక్కడ కొన్న డీవీడీ ఆడకపోవచ్చు. మన ఇంటి వీడియోలకు ఈ తాళం ఉండదు.

ఇంకొక సంగతి. డీవీడీ ప్లేయర్లు పాత వీసీడీలను దాదాపు అన్నీ చదువుతాయి. బ్లూరే ప్లేయర్లు అలా కాదు, కొన్ని వీసీడీని అసలు గుర్తించవు. మీ దగ్గర ఉన్నవి వీసీడీలైతే, ఖరీదు ఎక్కువ గదా అని బ్లూరే కొనకండి. మీ డిస్కు ఒకటి వెంట తీసుకెళ్లి దుకాణంలోనే వేయించి చూడండి.

యాంటెన్నా రంధ్రం మాత్రమే ఉన్న సెట్లు

ఇవి ఇంకా ఉన్నాయా అని పట్నంవాళ్లు అడుగుతారు. అడవి అంచు గ్రామాల్లో ఉన్నాయి. వీటికి ప్లేయరు బొమ్మను దూరదర్శన్ చానల్‌లాగా మార్చి యాంటెన్నా రంధ్రంలోకి పంపే 'ఆర్‌ఎఫ్ మాడ్యులేటర్' కావాలి. గుండ్రటి మర తిప్పి చానల్ మార్చే నలుపు తెలుపు సెట్లు ఎక్కువగా వీహెచ్‌ఎఫ్ చానళ్లనే పట్టుకుంటాయి. కనుక యూహెచ్‌ఎఫ్‌లో మాత్రమే పంపే మాడ్యులేటర్ వాటికి దండగ. అమెరికా నుండి ఎవరైనా తెస్తే బొమ్మ వస్తుంది గాని శబ్దం రాదు. వాళ్ల పద్ధతిలో బొమ్మకూ శబ్దానికీ మధ్య ఎడం 4.5 మెగాహెర్ట్జ్, మన టీవీలు వెదికేది 5.5 దగ్గర. టీవీ వెనక రెండు మరల మధ్య బిగించే రిబ్బను వైరు ఉంటే, గుండ్రటి వైరును దానికి కలిపే చిన్న మ్యాచింగ్ ట్రాన్స్‌ఫార్మరు కూడా అడగండి.

ఇంట్లో పాత వీసీఆర్ పనిచేస్తూ ఉంటే అదే మాడ్యులేటరు. ప్లేయరును వీసీఆర్‌కు, వీసీఆర్‌ను టీవీ యాంటెన్నా రంధ్రానికి పెట్టి చానల్ వెదకండి. కంపెనీ సినిమా డిస్కులు వేసినప్పుడు బొమ్మ ఒకసారి వెలిగి ఒకసారి మసకబారుతూ ఉంటే అది నకలు తీయకుండా పెట్టిన కాపలా. ఇంటి డిస్కులకు ఆ బెడద ఉండదు.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం జాగ్రత్తగా చదవండి. ఇటువంటి టీవీని విప్పి లోపల నుండి వైరు అతికించి, పసుపు రంధ్రం 'పెట్టిస్తాం' అనేవాళ్లు ఊళ్లలో తిరుగుతుంటారు. ఒప్పుకోవద్దు. రంధ్రాలు లేకుండా వచ్చిన పాత సెట్లలో చాలావాటికి లోపలి ఇనుప చట్రం కరెంటు లైనుకు నేరుగా కలిసి ఉంటుంది. అందుకే కంపెనీవాడు బయటికి లోహపు రంధ్రం ఇవ్వలేదు. అక్కడి నుండి వైరు బయటికి తెస్తే ఆ పిన్ను, దానికి కలిపిన ప్లేయరు, ప్లేయరు మీద చెయ్యేసిన పిల్లవాడు అందరూ లైను మీద ఉన్నట్టే. ఇక బొమ్మ గొట్టం సంగతి సరే సరి. రంగుల టీవీలో దాని మీద 20 వేల వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా కొంతసేపు నిలిచి ఉంటుంది. దుమ్ము తుడవడానికైనా వెనక మూత విప్పకండి. మాడ్యులేటర్ దొరకకపోతే ఆ టీవీకి వీడ్కోలు చెప్పండి, అందులో సిగ్గు లేదు. కొత్త ద్రాక్షారసానికి పాత తిత్తి పనికిరాని సందర్భం కూడా ఉంటుందని ప్రభువు చెప్పనే చెప్పాడు (లూకా 5:37). అదే ప్రభువు మరో చోట తన నిధిలోంచి కొత్తదీ పాతదీ రెండూ బయటికి తీసే ఇంటి యజమానిని మెచ్చుకున్నాడు (మత్తయి 13:52). ఏ టీవీకి ఏ మాట వర్తిస్తుందో దాని వెనక చూస్తే తెలిసిపోతుంది.

గుడిలో వాడేటప్పుడు

సెలవుల బైబిలు బడిలో పిల్లలకు డిస్కు వేయాలనుకుంటే బొమ్మకు పసుపు పిన్ను టీవీకి పెట్టి, శబ్దానికి తెలుపు, ఎరుపు పిన్నులను గుడి యాంప్లిఫయరుకు పెట్టండి. 'ఆక్స్' అని రాసిన రంధ్రంలో పెట్టాలి, మైకు రంధ్రంలో కాదు. మైకు రంధ్రం చిన్న శబ్దం కోసం చేసింది, అందులో పెడితే గొంతు పగిలినట్టు వస్తుంది. హమ్మని మోత వస్తుంటే టీవీ, ప్లేయరు, యాంప్లిఫయరు మూడింటికీ ఒకే బోర్డు నుండి కరెంటు ఇవ్వండి. అన్నీ ఆపిన తర్వాతే పిన్నులు పెట్టడం, తీయడం మంచిది. ఉరుము వినబడితే ప్లగ్గులు, యాంటెన్నా వైరు పీకేయండి. వైరా చెరువు మీదుగా వచ్చే వేసవి గాలివానకు ఎన్ని టీవీలు పోయాయో మెకానిక్కులకే తెలుసు.

కన్వర్టర్ పెట్టె వాడేవాళ్లకు ఒక చిట్కా. ప్లేయరు సెట్టింగులు మార్చాలంటే ముందు తెర మీద బొమ్మ కనబడాలి, బొమ్మ రావాలంటే సెట్టింగు మార్చాలి, ఇదొక పీటముడి. ప్లేయరును కొత్త టీవీ ఉన్న పక్కింటికి తీసుకెళ్లి అక్కడ పెట్టి, బొమ్మ కొలత '720పీ', ఆడియో 'పీసీఎం', ఆకారం '4:3' చేసి మీ ఇంటికి తెచ్చుకోండి. ప్లేయరు వాటిని గుర్తుంచుకుంటుంది.

డిస్కుల సంగతి

పెళ్లి వీడియోవాళ్లు ఇచ్చిన డిస్కు కింది వైపు ఊదా రంగులోనో నీలం ఛాయలోనో ఉంటే అది రంగు పూత మీద కాల్చి రాసినది. ఎండకు, రేకుల కప్పు కింది వేడికి ఆ పూత పాడవుతుంది. బీరువాలో కింది అరలో, నిలబెట్టి ఉంచండి. తుడిచేటప్పుడు మెత్తటి నూలు గుడ్డతో మధ్య నుండి అంచుకు తిన్నగా తుడవాలి, గుండ్రంగా తిప్పి తుడవకూడదు. వీసీడీకి బొమ్మలున్న పై వైపే ఎక్కువ సున్నితం, అసలు పొర దాని కిందనే ఉంటుంది. దాని మీద బాల్ పెన్నుతో పేరు రాయడం, స్టిక్కరు అంటించి పీకడం చేయకండి.

కొత్త ప్లేయరు వచ్చి డిస్కు ఆడిన రోజునే, కంప్యూటరులో డిస్కు పెట్టే చోటు ఉన్న యువకుడెవరినైనా పిలిచి దానిని పెన్‌డ్రైవులోకి నకలు తీయించండి. డీవీడీ 4.7 జీబీ, వీసీడీ అంతకన్నా చాలా తక్కువ ఉంటుంది, అంటే 32 జీబీ పెన్‌డ్రైవులో ఒక కుటుంబం జ్ఞాపకాలన్నీ పడతాయి. రెండు నకళ్లు తీసి ఒకటి వేరే ఊళ్లో ఉన్న పిల్లల దగ్గర ఉంచండి. డిస్కు మాత్రం పారేయకండి.

దుకాణానికి వెళ్లే ముందు మీ టీవీ వెనక భాగాన్ని, ప్లేయరు వెనక భాగాన్ని సెల్‌ఫోనులో ఫోటో తీసుకొని వెళ్లండి. అక్కడ నోటితో వర్ణించి చెప్పడం కష్టం. ఫోటో చూపించి, ఈ రంధ్రం నుండి ఈ రంధ్రానికి కావాలి అని అడగండి. పని చేయకపోతే వెనక్కి తీసుకుంటారా అని డబ్బు ఇవ్వకముందే అడిగి, రసీదు తీసుకోండి.